‘తిప్పుతోంది’ అంటే ఏది తిప్పుతోంది?

ఈ శీర్షిక కింద మాటల పుట్టుపూర్వోత్తరాలూ, సామెతలూ, కాలేజీ కబుర్లూ చదవడానికి అలవాటుపడ్డ పాఠకులు ఈ వారం నన్ను మన్నించాలి. ఈసారి మందుబిళ్ళలను గురించి రాయబోతున్నాను. నేను డాక్టర్ని కాను. తెలుగు ఎం.ఏ. ప్యాసై, ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్నదాన్ని. అయినా ఈ వ్యవహారంలోకి నన్ను లాగింది ఒక తెలుగుమాటే. ఆ మాట నాకు సరిగా అర్థంకాక మా అక్కయ్య ప్రాణం మీదికి వచ్చింది.

కడుపులో పుట్టే ఈ బాధకు మన భాషలో మాటల కరువు లేదు. వికారం వేరు, డోకు వేరు, ఓకరింత వేరు, వాంతి వేరు. గర్భిణికి కలిగేవి వేవిళ్ళు. రోత పుట్టి కలిగేది వెలపరం. ఇన్ని మాటలుండీ, తీరా ఒంట్లో బాగాలేనప్పుడు మన నోటికి వచ్చేది మాత్రం ఒక్కటే: ‘తిప్పుతోంది’. కడుపులో తిప్పినా తిప్పుతోందే, తల తిప్పినా తిప్పుతోందే. వినేవాళ్ళు తమకు తోచిన అర్థం తీసుకుంటారు. నేనూ అల్లాగే తీసుకున్నాను.

మా అక్కయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. నేను బెజవాడలో ఉంటాను. రెండేళ్ళ కిందట ఆవిడకు రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షలన్నీ అయిన తరువాత డాక్టరమ్మ ముందు కీమో, తరువాత ఆపరేషను అని నిర్ణయించింది. మొదటి నాలుగు విడతలూ డోక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులు. డోక్సోరూబిసిన్ చూడటానికి ఎర్రగా దానిమ్మ రసంలాగ ఉంటుంది. అంచేత ఆ వార్డులో అందరూ దాన్ని ‘ఎర్రమందు’ అంటారు. మూడు వారాలకొక విడత.

కీమో మందులన్నీ ఒకే మోతాదులో వాంతులు తెప్పించవు. సిస్‌ప్లాటిన్ వంటివి, ముందుజాగ్రత్త పడకపోతే, నూటికి 90 మందికి పైగా వాంతులు తెప్పిస్తాయి. విన్‌క్రిస్టిన్ వంటివాటితో నూటికి 10 మందికి లోపు. మా అక్కయ్యకు ఇచ్చిన జంట సిస్‌ప్లాటిన్ వరసలోనిదే. అంచేత డాక్టరమ్మ ఎర్రమందు ఎక్కించేముందే వాంతులు రాకుండా నాలుగు రకాల మందులిచ్చింది. ఇంటికి వెళ్ళాక వేసుకోవలసినవి కూడా ఒక చీటీమీద రాసి, ఏది ఏ పూటో విడమరచి చెప్పింది. నేను పక్కనే నిలబడి తల ఊపాను. తల ఊపడం కాలేజీలో బాగా అలవాటైన పని.

మొదటిరోజు రాత్రే గొడవ మొదలైంది. మా మేనల్లుడు చదువుకున్న కుర్రవాడు. చీటీలో ఉన్న ‘ఓలాంజపైన్’ అనే పేరును సెల్‌ఫోనులో వెతికాడు. అది మనోవ్యాధులకు ఇచ్చే మందని తేలింది. “నాకేమన్నా పిచ్చెక్కిందని రాసిందా ఆవిడ?” అని అక్కయ్యకు కోపం వచ్చి ఆ బిళ్ళ పక్కన పెట్టేసింది. రెండోరోజు వాంతులేమీ లేవు. “వాంతే లేనప్పుడు వాంతుల మందెందుకే, డబ్బు దండుగ! పైగా మలబద్ధకం కూడాను” అని మిగతావి కూడా మానేసింది. బావగారు నచ్చచెప్పబోయారుగాని, ఆ ఇంట్లో ఆయన మాట చెల్లినరోజు నేనెరగను.

మూడోరోజు తెల్లవారేసరికి పట్టుకున్నాయి వాంతులు. మధ్యాహ్నానికి ఏడెనిమిది. అక్కయ్య బెదిరిపోయి, ఆనాటి బిళ్ళలతో పాటు నిన్న మానేసినవి కూడా కలిపి ఒక్కసారే మింగింది. సాయంత్రం నాకు ఫోను చేసింది.

“ఏమే, తిప్పుతోందే. బొత్తిగా లేవలేకుండా ఉన్నాను.”

తిప్పుతోందనగానే కడుపులోనే అనుకున్నాను. ఇక్కడ కూచునే ఆ ఊరి మందులషాపుకు ఫోను చేసి, “మా అక్కయ్యకు వాంతులు. డోకు కట్టే బిళ్ళ ఇంకేదన్నా పంపించండి” అన్నాను. పంపించారు. అక్కయ్య వేసుకున్నది. రాత్రికి నేను మళ్ళీ ఫోను చేసి కేకలేస్తే, పక్కన పెట్టిన ఓలాంజపైన్ కూడా వేసుకున్నది. అర్ధరాత్రి దాటాక పెరట్లోకి వెళ్ళబోయి, గడప దగ్గర స్పృహ తప్పి పడిపోయింది. కణత దగ్గర చీరుకుపోయింది. బావగారూ, మేనల్లుడూ కారులో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకువచ్చేసరికి తెల్లవారుతోంది. నేను ఎదురువెళ్ళాను.

డాక్టరమ్మ ముందు ఇ.సి.జి. తీయించింది, రక్తం పరీక్షకు పంపించింది. తరువాత నావైపు తిరిగి, “ఇంట్లో ఆవిడ మింగిన మందులన్నీ తెచ్చారా? ఈ టేబులు మీద పోయండి” అన్నది. మేనల్లుడు సంచీ బోర్లించాడు. షీట్లూ, సీసాలూ, పొట్లాలూ కుప్పగా పడ్డాయి. ఆవిడ అందులోనుంచి ఒక షీటు ఏరి, “ఇదేమిటి?” అన్నది.

“అది గ్యాస్ బిళ్ళండీ. ఎనిమిదేళ్ళ నుంచీ వేసుకుంటున్నది. రోజూ పరగడుపున ఒకటి.”

“వెనక ఏమి రాసి ఉన్నదో చదవండి.”

చదివాను. చిన్న అక్షరాలు. పాంటోప్రజోల్, దానితో పాటు డోంపెరిడోన్. డోంపెరిడోన్ అంటే వాంతులు కట్టే మందు! ఎనిమిదేళ్ళనుంచి మా ఇంట్లో గ్యాస్ బిళ్ళ పేరుతో చలామణీ అవుతున్న దాంట్లో సగం వాంతుల మందన్నమాట. “ఇంకేమన్నా మందులు వాడుతున్నారా?” అని డాక్టరమ్మ మొదటే అడిగింది. షుగరు బిళ్ళ చెప్పాము. గ్యాస్ బిళ్ళ చెప్పలేదు. గ్యాస్ బిళ్ళను మందని ఎవరనుకుంటారు? మూలం చూడకుండా వ్యాఖ్యానం రాయవద్దని ఏటా పిల్లలకు చెప్పే నేను, ఇంట్లో ఉన్న షీటు వెనక్కి తిప్పి రెండు మాటలు చదవలేదు.

అప్పటికి లెక్క తేలింది. డాక్టరమ్మ రాసిన ఆండన్‌సెట్రాన్ రెండుపూటలది ఒకేసారి. గ్యాస్ బిళ్ళలోని డోంపెరిడోన్. నేను తెప్పించిన మెటొక్లోప్రమైడ్. చివరికి రాత్రి ఓలాంజపైన్. ఇవి ఒకదానికొకటి తెలియకుండా ఒకే ఇంట్లో దిగిన చుట్టాలవంటివి. ఎవరికి వారు మంచివాళ్ళే. అందరూ ఒకేసారి దిగితే ఇల్లు పట్టదు.

గుండె ఒకసారి కొట్టుకున్నాక రెండోసారికి సిద్ధపడటానికి కొంత వ్యవధి పడుతుంది. ఆండన్‌సెట్రాన్, డోంపెరిడోన్ వంటివి ఆ వ్యవధిని సాగదీస్తాయి. కొద్దిగా సాగితే ఫరవాలేదు. మరీ సాగితే లయ తప్పి మనిషి స్పృహ కోల్పోవచ్చు, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చు. వాంతులతో ఒంట్లోని పొటాషియం, మెగ్నీషియం తగ్గిపోతే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కొన్ని యాంటీబయాటిక్కులూ, ఫంగసు మందులూ, మనోవ్యాకులతకు ఇచ్చే కొన్ని మందులూ కూడా ఇదే పని చేస్తాయి. మెటొక్లోప్రమైడ్, ఓలాంజపైన్ కలిస్తే ఇంకొక చిక్కు. రెండూ మెదడులో ఒకే చోట పనిచేస్తాయి. ఒళ్ళు బిగుసుకుపోవడం, కాలు నిలవకపోవడం, విపరీతమైన మగత కలగవచ్చు. మా అక్కయ్య ఇ.సి.జి.లో ఆ వ్యవధి సాగి ఉన్నది. పొటాషియం బాగా పడిపోయి ఉన్నది. ఒంట్లో నీరు లేదు.

సెలైను ఎక్కుతుండగా డాక్టరమ్మ అక్కయ్యను అడిగింది: “నిన్న సాయంత్రం మీకు కడుపులో తిప్పిందా, తల తిప్పిందా?”

“తలేనమ్మా. వాంతులు మధ్యాహ్నానికే తగ్గినయ్. మంచం మీంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్మినయ్. అదే చెప్పాను మా చెల్లితో, తిప్పుతోందని.”

నేను నేల చూపులు చూశాను. ఇరవయ్యేళ్ళుగా నానార్థాలు చెప్పుకుంటున్నదాన్ని, ‘ఏది తిప్పుతోంది?’ అని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆ నాలుగో బిళ్ళ ఆవిడ కడుపులో పడేది కాదు.

కణతకు మూడు కుట్లు పడ్డాయి. రెండురోజులు గుండె కొట్టుకోవడాన్ని తెరమీద చూస్తూ ఉంచుకున్నారు. గండం గడిచింది. అసలు గండం ఆ తరువాత వచ్చింది. ఇంటికి బయలుదేరబోతూ అక్కయ్య, “నాకీ వైద్యం వద్దు. చస్తే చస్తాను, ఇంత నరకం పడలేను” అన్నది. ఆవిడ మొండితనం నాకు తెలుసు. వాంతుల భయంతో వైద్యం మానేస్తే పుండు మానదు, పెరుగుతుంది. మూడు వారాలలో రెండో విడత. ఏంచెయ్యాలి?

డాక్టరమ్మ కోప్పడలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూచుని, వాంతి ఎక్కడ పుడుతుందో చెప్పింది. ఆవిడ చెప్పినదీ, తరువాత నేను అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

కీమో మందు ఒంట్లో పడగానే పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది అక్కడి నరాన్ని మీటుతుంది. ఆ నరం మెదడు కాండంలో ఉన్న వాంతి కేంద్రానికి కబురు మోస్తుంది. ఇది మొదటి ఇరవైనాలుగు గంటల కథ. రెండోరోజు నుంచి అయిదోరోజు దాకా మరొక పదార్థం, ‘పి’ అనేది, మెదడులో ఎక్కువ పెత్తనం చేస్తుంది. అంచేత మొదటిరోజు బాగుంటే చాలదు. ఎర్రమందు వంటివాటికి అసలు పరీక్ష రెండు, మూడు, నాలుగు రోజుల్లోనే. మా అక్కయ్య సరిగ్గా ఆ రోజుల్లోనే మందు మానేసింది.

సెరటోనిన్ దారిని కట్టేది ఆండన్‌సెట్రాన్. అమెరికాలో అది 1991లో వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు, 1978లో సిస్‌ప్లాటిన్ వచ్చిన కొత్తలో, రోగులు వాంతులకు తాళలేక వైద్యం మధ్యలో మానేసేవారు. 1981లో మెటొక్లోప్రమైడ్‌ను పెద్ద మోతాదులో ఇస్తే కొంత మేలని తేలిందిగాని, దాని బాధలు దానికి ఉన్నాయి. ‘పి’ పదార్థాన్ని కట్టే అప్రెపిటంట్ 2003లో వచ్చింది. వీటికి తోడు డెక్సామెథసోన్ అనే స్టీరాయిడు. ఓలాంజపైన్ మెదడులో ఒకటికి నాలుగు తలుపులు మూస్తుంది. అది పుట్టింది మనోవ్యాధులకేగాని, కీమో వికారానికి బాగా పనిచేస్తుందని తరువాత రుజువైంది. దానితో వచ్చే మగత సంగతి మన దేశంలోనే తేల్చారు. బొంబాయి టాటా మెమోరియల్ వైద్యులు 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములిచ్చినా వాంతులు అంతే బాగా ఆగుతాయనీ, పగటి మగత తగ్గుతుందనీ 2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ప్రకటించారు.

“అంచేత అమ్మా,” అన్నది డాక్టరమ్మ, “ఇది వాన పడ్డాక పట్టే గొడుగు కాదు. వాన రాకముందు ఇల్లు నేయించుకోవడం. చినుకు లేదని తాటాకు పీకేస్తారా?”

పల్లెటూరి మనిషికి ఆ మాట తలకెక్కింది. అక్కయ్య కాసేపు కప్పువంక చూసి, “సరే, ఇంకొక్కసారి చూస్తాను” అన్నది.

రెండో విడతకు నేను కాలేజీకి అయిదురోజులు సెలవు పెట్టాను. పెద్ద కాగితం మీద రోజులూ పూటలూ గళ్ళు గీసి గోడకు అంటించాను. వేసుకున్న బిళ్ళకు టిక్కు. గ్యాస్ బిళ్ళకు బదులు డోంపెరిడోన్ లేనిది డాక్టరమ్మే రాసింది. డెక్సామెథసోన్ పొద్దున్నే, ఏదన్నా తిన్న తరువాత. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. పైగా అది రక్తంలో చక్కెర పెంచుతుంది గనక ఆ రోజుల్లో షుగరు రెండుపూటలా చూసుకోమన్నారు. ఓలాంజపైన్ రాత్రి పడుకునేముందు. వేసుకున్నాక ఒంటరిగా పెరట్లోకి వెళ్ళకుండా మంచం పక్కన చెంబూ, గంటా పెట్టాము. ఆండన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుందని ముందే చెప్పి విరేచనం సాఫీగా అయ్యే మందిచ్చారు. మొదటిసారి ఆ ఒక్క మాట నోరు విప్పి డాక్టరుతో చెప్పి ఉంటే అక్కయ్య మందులు మానేసి ఉండేది కాదు.

వాంతి ఒక్కటంటే ఒక్కటి కాలేదు. వికారం మాత్రం మూడోరోజు కొద్దిగా ఉన్నది. ఇక్కడే భాష సంగతి మళ్ళీ చెప్పాలి. ఈ మందులు వాంతిని ఆపినంత బాగా వికారాన్ని ఆపలేవు. “వాంతులయ్యాయా?” అని డాక్టరు అడిగితే మనవాళ్ళు “లేదండీ” అని ఊరుకుంటారు. కడుపులో దేవుతున్నట్టు ఉండి అన్నం ముట్టని మనిషి కూడా లేదనే అంటుంది. అడగనిది చెప్పడం మర్యాద కాదని మన నమ్మకం. వాంతి లేకపోయినా వికారం ఉన్నదనీ, ఏ పూట ఎక్కువో, ఎంత తింటున్నదో చెబితే మందు మార్చగలరు.

ఒక్క నష్టం మాత్రం పూర్తిగా పూడలేదు. మొదటి విడత చేదు అనుభవం అక్కయ్య ఒంటికి గుర్తుండిపోయింది. ఆసుపత్రి గేటు కనిపించగానే, ఫినాయిలు వాసన తగలగానే, మందు ఎక్కించకముందే డోకు వచ్చేది. చివరిదాకా అది ఉన్నది. మొదటిసారి వాంతులు రానివ్వకపోవడమే దీనికి మంచి మందట. ఆ మొదటిసారిని మేము పోగొట్టుకున్నాము.

ఎర్రమందు నాలుగు విడతలూ, తరువాత వాంతులు తక్కువ తెప్పించే ఇంకొక మందూ పూర్తి అయి, ఆపరేషను రోజు దగ్గరికి వచ్చింది. ఇంక వాంతుల బెడద తీరిందనుకున్నాము. మత్తు డాక్టరుగారు పిలిపించి కొన్ని ప్రశ్నలు వేశారు. బస్సు ప్రయాణంలో వాంతులవుతాయా? ఇదివరకు మత్తు ఇచ్చినప్పుడు అయ్యాయా? పొగతాగే అలవాటున్నదా?

అక్కయ్యకు చిన్నప్పటినుంచీ బస్సు పడదు. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళేలోపల రెండుసార్లు కిటికీలోంచి తల బయట పెట్టవలసిందే. ఆ సంగతికీ ఆపరేషనుకూ సంబంధమేమిటని నవ్వుకున్నాను. ఉన్నదట. 1999లో అప్ఫెల్ అనే జర్మన్ వైద్యుడూ ఆయన సహచరులూ నాలుగు గుర్తులు తేల్చారు. స్త్రీ కావడం, పొగతాగకపోవడం, ప్రయాణంలోగాని ఇదివరకటి మత్తులోగాని వాంతులైన చరిత్ర ఉండటం, ఆపరేషను తరువాత మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడవలసిరావడం. ఒక్కటీ లేకపోతే వాంతుల భయం నూటికి 10. నాలుగూ ఉంటే నూటికి 80 దాకా. మా అక్కయ్యకు నాలుగూ ఉన్నాయి.

“అయితే మా ఆడబడుచు అత్తగారు అదృష్టవంతురాలన్నమాట,” అన్నది అక్కయ్య. “శ్రీకాకుళంవైపు మనిషి. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతుంది.”

మత్తు డాక్టరుగారు నవ్వి, “ఆ చుట్ట అంగిటికి తెచ్చే కేన్సరు ముందు ఈ వాంతులెంతమ్మా!” అన్నారు.

ఆపరేషను తరువాత వాంతులంటే తేలిక సంగతి కాదు. కుట్లు లాగుతాయి, రక్తం కారవచ్చు, మత్తులో ఉన్న మనిషికి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అంచేత ఇటువంటివారికి ఒకే మందు పెంచి ఇవ్వరు. రకానికొకటి చొప్పున రెండు మూడు ఇస్తారు. డెక్సామెథసోన్ మత్తు మొదట్లో, ఆండన్‌సెట్రాన్ చివర్లో. మత్తు కూడా గాలి ద్వారా కాక నరం ద్వారా ఇస్తే వాంతులు తగ్గుతాయట. అప్పటికీ వాంతి అయితే, ఇచ్చిన మందునే వెంటనే మళ్ళీ ఇవ్వరు, వేరే రకానిది ఇస్తారు. “అదే ఇంజెక్షను ఇంకొకటి పొడవండి” అని నర్సును వేధించవద్దు.

ముందురోజు రాత్రి అక్కయ్య నన్ను రహస్యంగా అడిగింది: “పొద్దున్నే రెండు గుక్కల కాఫీ తాగితే ఏమవుతుందే? నీళ్ళు తాగచ్చన్నారుగా.” మా ఇంట్లో కాఫీ దైవంతో సమానం. కాని ఈసారి నేను తల ఊపలేదు, వెళ్ళి అడిగాను. మత్తుకు ఆరుగంటల ముందే ఆహారం ఆపాలి. మంచినీళ్ళు రెండుగంటల ముందుదాకా తాగవచ్చు. పాలు కలిపిన కాఫీ నీళ్ళ లెక్కలోకి రాదు, ఆహారం లెక్కే. ఆ ఉదయం ఏ బిళ్ళ గుక్కెడు నీళ్ళతో వేసుకోవాలో, ఏది మానాలో కూడా చీటీమీద రాయించుకున్నాను. ఆపరేషను బాగా జరిగింది. అక్కయ్య కళ్ళు తెరిచి మొట్టమొదట అన్నమాట, “కాఫీ.”

ఇంతవరకూ మా ఇంటి కథ. ఇక మీ ఇంట్లో ఇటువంటి కష్టం వస్తే గుర్తుంచుకోవలసిన సంగతులు నాలుగు చెప్పి ముగిస్తాను.

ఇంట్లో ఉన్న ప్రతి మందూ డాక్టరుకు చూపించండి. గ్యాస్ బిళ్ళ, బస్సు ప్రయాణానికి వేసుకునే బిళ్ళ, నిద్రబిళ్ళ, కషాయం, చూర్ణం అన్నీ. పేరు చెప్పడం కాదు, షీట్లు సంచీలో వేసుకువెళ్ళండి. ఒకే మందు నాలుగు కంపెనీ పేర్లతో రావచ్చు. షీటు మీద కంపెనీ పెట్టిన పేరూ ఉంటుంది, అసలు మందు పేరూ ఉంటుంది. చదవవలసింది అసలు మందు పేరే. ఆపరేషను తరువాత ట్రమడాల్ అనే నొప్పి మందు ఇస్తే, మనోవ్యాకులతకు మందు వాడుతున్నవాళ్ళు తప్పక ఆ సంగతి చెప్పాలి. ఇవీ ఆండన్‌సెట్రాన్ కలిస్తే అరుదుగా వణుకు, చెమటలు, జ్వరం, కంగారు కలగవచ్చు. అప్రెపిటంట్ వాడుతున్నప్పుడు డెక్సామెథసోన్ మోతాదు తగ్గించి రాస్తే అది పొరపాటు కాదు. ఒకటి రెండోదాన్ని ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతుంది. గర్భనిరోధక మాత్రలు మాత్రం దానివల్ల బలహీనపడతాయి, వాడటం ఆపిన నెల దాకా. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు మధ్యలో రక్తపరీక్ష చేయించుకోవాలి.

నాలాగ షాపుకు ఫోను చేసి ఇంకొక బిళ్ళ తెప్పించవద్దు. మెటొక్లోప్రమైడ్‌ను సాధారణంగా అయిదురోజులకు మించి, రోజుకు 30 మిల్లీగ్రాములకు మించి వాడరాదని ఐరోపా మందుల సంస్థ 2013లో చెప్పింది. డోంపెరిడోన్ వారంరోజులకు మించరాదని 2014లో చెప్పింది. మా అక్కయ్య ఎనిమిదేళ్ళు వాడింది! ఆండన్‌సెట్రాన్‌ను సూదిద్వారా ఒకేసారి 32 మిల్లీగ్రాములిచ్చే పద్ధతిని గుండెకు ప్రమాదమని 2012లో అమెరికాలో మాన్పించారు. మెటొక్లోప్రమైడ్ వేసుకున్న కుర్రవాళ్ళకు ఒక్కొక్కప్పుడు మెడ మెలికపడి, కళ్ళు పైకి నిలిచిపోతాయి. మా కాలేజీ పిల్ల ఒకతెకు ఇల్లా అయితే ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని వేపమండలు తెచ్చారు. ఎవరో పుణ్యాత్ములు ఆసుపత్రికి తీసుకుపోతే ఒక ఇంజెక్షనుతో కొద్దిసేపట్లో సర్దుకున్నది.

మానేసిన పూట మందును తరువాతి పూటతో కలిపి వేసుకోవద్దు. వేసుకున్న బిళ్ళ వాంతిలో పోతే, మళ్ళీ వేసుకోవాలో అక్కరలేదో ఫోను చేసి అడగండి. శొంఠి, అల్లం, నిమ్మకాయ వాసన కొందరికి హాయినిస్తాయి. తీసుకోండి, డాక్టరుతో చెప్పండి, వాటిని మందుకు బదులుగా మాత్రం వాడవద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళూ, ఆపరేషను దగ్గరికి వచ్చినవాళ్ళూ అల్లం చూర్ణం ఎక్కువగా తీసుకోకూడదు. తాలింపు వేసేటప్పుడు రోగిని వంటింటికి దూరంగా ఉంచండి. వేడివేడి అన్నం కంటె చల్లారినదానికి వాసన తక్కువ. కడుపునిండా ఒక్కసారి పెట్టక, కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టండి.

ఇక వాంతులు కట్టే మందుతో ఊరుకోకూడని సమయాలున్నాయి. ఒక రోజంతా మంచినీళ్ళు కూడా ఇమడకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా, వాంతిలో రక్తంగాని నల్లటి పదార్థంగాని కనిపించినా, తీవ్రమైన తలనొప్పితో వాంతులవుతున్నా, గుండె దడదడలాడినా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పొట్ట ఉబ్బి, విరేచనమూ గాలీ కూడా పోకుండా వాంతులవుతుంటే పేగు అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు పేగును తోసే మెటొక్లోప్రమైడ్ వంటిది హాని చేస్తుంది. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా సరే, జ్వరం బిళ్ళ వేసి పడుకోబెట్టకూడదు.

మొన్న సంక్రాంతికి అక్కయ్య మా ఇంటికి వచ్చింది. జుట్టు మళ్ళీ ఒత్తుగా వచ్చింది. కణత మీద మూడుకుట్ల మచ్చ మాత్రం ఉన్నది. అరిసెలు తిని, మధ్యాహ్నం పడక్కుర్చీలో వాలి, “ఏమే, తిప్పుతోందే” అన్నది.

చేతిలో ఉన్న పళ్ళెం అక్కడ పెట్టి పరుగెత్తుకు వెళ్ళాను. “ఏది తిప్పుతోంది అక్కయ్యా? కడుపులోనా, తలా?”

“ఫాను,” అన్నది. “మీ ఆయన ఇంత జోరుగా ఎందుకు తిప్పుతున్నాడు? చలేస్తోంది.”

అయినా సరే, అడిగినందుకు నేనేమీ సిగ్గుపడలేదు.